సీన్ పేపర్లో ఒక కామా

సినిమా స్క్రిప్టు చదువుకోవడానికి కాదు, తీయడానికి రాసేదంటారు. నిజమే. అందుకే అందులో భాష మరింత కచ్చితంగా ఉండాలి. నవలలో ఒక వాక్యం అర్థం కాకపోతే పాఠకుడు ఇంకోసారి చదువుకుంటాడు. సీన్ పేపర్ అందుకున్న కెమెరామన్, ఆర్ట్ డైరెక్టర్, కాస్ట్యూమర్, నటుడు మాత్రం ఎవరికి తోచిన అర్థం వాళ్లు తీసుకుని పనిలోకి దిగుతారు. తేడా బయటపడేది సెట్లోనే. అప్పటికి కాల్షీట్లు నడుస్తుంటాయి.

‘సీత అక్క వచ్చింది’ అని రాసి ఉందనుకోండి. వచ్చింది సీతకు అక్కా, సీతక్కేనా, లేక ఎవరో సీతను పిలిచి అక్క వచ్చిన సంగతి చెబుతున్నారా? మూడోదే రచయిత ఉద్దేశమైతే ‘సీతా, అక్క వచ్చింది’ అని రాయాలి. ఒక దీర్ఘం, ఒక కామా. అవి లేకపోతే ఆ సీన్లో సీత ఉండాలో లేదో కూడా తేలదు. పైగా తెలుగులో కర్తను చెప్పకుండా వదిలేయడం మామూలు. సంభాషణలో అది అందమే కానీ, సీన్ వర్ణనలో చిక్కు తెస్తుంది. ‘రవి తలుపు తీసేసరికి ఎదురుగా రాజు. జేబులోంచి కత్తి తీస్తాడు.’ కత్తి ఎవరి జేబులో ఉండాలి? దాడి చేసేదెవరు, దెబ్బ తినేదెవరు? ‘రాజు’ అన్న మాట ఇంకొక్కసారి రాస్తే తీరిపోయే సందేహమిది.

మన స్క్రిప్టుల్లో చుక్కల వాడకం మరీ దారుణం. మాట మాటకీ మధ్య నాలుగైదు చుక్కలు పెట్టుకుంటూ పోతారు. ‘నేను నిన్ను...’ అని ఉంటే ఆ పాత్ర తనంతట తానే ఆగిపోయిందని అర్థం. ‘నేను నిన్ను—’ అని అడ్డగీత పెడితే ఎదుటివాళ్లు మధ్యలో అందుకున్నారని అర్థం. మొదటిదాంట్లో నటుడికి మౌనం కావాలి, రెండోదాంట్లో ఎదుటి నటి క్షణం ఆలస్యం చేయకూడదు. అన్నిచోట్లా చుక్కలే ఉంటే ఈ తేడా కాగితం మీదే చచ్చిపోతుంది. తెలుగు రాని నటీనటుల కోసం డైలాగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసివ్వడం ఇప్పుడు మామూలైంది. అలా రాస్తే కల, కళ ఒకటైపోతాయి; ‘పడు’కీ ‘పాడు’కీ తేడా చెరిగిపోతుంది. అక్షరాలు ఇవ్వలేని ఆసరా కనీసం విరామ చిహ్నాలైనా ఇవ్వాలి.

పాత్రలు వ్యాకరణం ప్రకారం మాట్లాడవు కదా అని కొందరంటారు. పాత్రలు గ్రాంథికంలో మాట్లాడాలని ఎవరూ కోరడం లేదు. కానీ యాసకూ దాని వ్యాకరణం దానికి ఉంటుంది. ‘బలగం’ (2023)లో తెలంగాణ పల్లె మాట, ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018)లో విశాఖ మాట జనానికి అంతగా పట్టాయంటే ఆ మాటల తీరు నిలకడగా ఉండబట్టే. ఒక పేజీలో ‘యాడికి పోయినవ్’ అన్న మనిషి తర్వాతి పేజీలో కారణం లేకుండా ‘ఎక్కడికెళ్లావ్’ అంటే కరీంనగర్ ప్రేక్షకుడు ఇట్టే పట్టేస్తాడు. రచయితకు రెండు తీరుల నియమాలూ తెలిస్తేనే ఈ పొరపాటు కంటపడుతుంది.

ఇంకొందరు హాలీవుడ్‌ను చూపిస్తారు. ‘ఏలియన్’ (1979) స్క్రిప్టును తిరగరాసినప్పుడు వాల్టర్ హిల్ పూర్తి వాక్యాలు పక్కనపెట్టి, కవితా పాదాల్లాంటి చిన్న చిన్న ముక్కల్లో రాశాడు. నిజమే కానీ, ఆ ముక్క ఎక్కడ తెగాలో ఆయనే నిర్ణయించాడు. చదివేవాడి చూపు, ఊపిరి ఎక్కడ ఆగాలో ఆ విరుపులే చెబుతాయి. తెలిసి నియమం దాటడం వేరు, తెలియక తడబడటం వేరు. ఎలాగూ దర్శకుడు సరిచేసుకుంటాడనే వాదనైతే మరీ బలహీనం. నిర్మాత, హీరో స్క్రిప్టు చదివేటప్పుడు దర్శకుడు ప్రతిసారీ పక్కన కూర్చోడు. కొత్త రచయితకైతే ఆ కాగితమే ఏకైక పరిచయం.

అచ్చయ్యే ప్రతి పుస్తకానికీ ప్రూఫ్ చూసే మనిషి ఉంటాడు. కోట్లు ఖర్చయ్యే సినిమాకు ఆ ఏర్పాటు లేదు. బౌండ్ స్క్రిప్టు చేతికిచ్చే ముందు తెలుగు బాగా వచ్చిన ఒకరితో దాన్ని అక్షరం అక్షరం చదివించండి. నిర్మాతలూ, ఆ ఒక్కరి జీతం బడ్జెట్లో మీకు కనిపించనంత చిన్నది.