వోట్లు పెరిగియు నోటమి

అమెరికా సంయుక్త రాష్ట్రములందలి మిల్వాకీ నగరము 1910వ సంవత్సరము ఏప్రిలు 5వ తేదీన ఎమిల్ సైడెల్ అను సామ్యవాదిని మేయరుగా నెన్నుకొనెను. ఆయన పోతపనికి కొయ్య అచ్చులు చెక్కి జీవించిన పనివాడు. ఆ దేశమున నొక మహానగరము సామ్యవాదికి పరిపాలన నప్పగించుట కదియే ప్రథమము. ఈ సంగతిని గూర్చి చరిత్రకారులు విరివిగా వ్రాసిరి. మాకు మాత్రము రెండేండ్లకు జరిగిన తరువాతి యెన్నికయే యెక్కువ విచారణీయముగా తోచుచున్నది.

మొదటి విజయమునకు సిద్ధాంతాభిమాన మొక్కటియే కారణము కాదు. అంతకుముందు డేవిడ్ రోజ్ మేయరుగా నున్న కాలమున లంచములు ప్రబలెను. గ్రాండు జ్యూరీలు పలువురిపై నేరారోపణలు చేసెను. ప్రజలు విసిగిరి. ఐనను సైడెల్‌కు వచ్చినవి సుమారు 27,600 వోట్లు. పోలైన వానిలో సగమునకు తక్కువ. డెమొక్రాట్లును రిపబ్లికనులును వేరువేరుగ నిలిచి మిగిలినవానిని చీల్చుకొనుటచే నాయన గెలిచెను. ఈ లోపమును మేము దాచుట లేదు.

పదవియందాయన జూదపుటిండ్లను, వేశ్యాగృహములను మూయించెను. నగరపు పనులను, వ్యయమును శాస్త్రీయముగా పరీక్షించుటకు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాచార్యుడగు జాన్ కామన్స్‌ను రప్పించెను. ఆయన కార్యదర్శిగా నుండిన యువకుడు కార్ల్ శాండ్‌బర్గ్ తరువాత కవిగా ప్రఖ్యాతి గాంచెను.

1912లో, అంతవరకు నొండొంటిని దూషించుకొనుచు వచ్చిన రెండు పక్షములును ఏకమై డాక్టరు గెర్హార్డ్ బేడింగ్‌ను నిలిపెను. సైడెల్ వోట్లు తగ్గెనా? లేదు, 30,000 దాటెను. కాని బేడింగ్‌కు 43,000 పైగా వచ్చెను.

అంతటితో తృప్తి లేక, ఆ సంవత్సరముననే రాష్ట్ర శాసనసభ నగరపు వోటుచీట్లపై పక్షముల పేర్లుండరాదని చట్టము చేసెను. మురుగుకాలువలకు పక్షములతో పనిలేదను వాదము వినసొంపుగనే యున్నది. న్యాయవాదవృత్తిలో నున్న మాకు చట్టపు మాటలతోబాటు అది పుట్టిన ముహూర్తమును గూడ చూచుట యలవాటు. సగముకన్న తక్కువ వోట్లతో నెవడును మేయరు కారాదనుట న్యాయమే. 1908లో రోజ్ గెలిచినదియు ముక్కోణపు పోటీయందే. అప్పుడీ న్యాయ మెవరికిని స్ఫురింపలేదేమి?

పక్షము పేరులేని ఆ చీటిపైననే 1916లో డానియల్ హోన్ అను సామ్యవాది, అంతవరకు నగరపు న్యాయవాదిగా నున్నవాడు, బేడింగ్‌ను ఓడించెను. 1940 వరకు, 24 సంవత్సరములు, ఆయన ఆ పీఠము వీడలేదు.