ఊళ్లో ఎటువైపు?

న్యూయార్క్ బ్రాడ్‌వేలో, నాటకశాలల నడుమ, ఓ సోకైన హోటల్లో దిగాను. కౌంటరు దగ్గరి నల్లజాతి అమ్మాయి పాస్‌పోర్టు చూసి తాళమిచ్చింది, కులం అడగలేదు. లిఫ్టులో కలిసిన తెలుగాయన అడిగాడు: “మీదే ఊరండీ? ఇంటిపేరు? ఊళ్లో ఎటువైపు?”

“మాదిగ్గూడెం” అన్నా. అంతే, నవ్వు మాడిపోయింది. పై అంతస్తు దాకా గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఇదే బ్రాడ్‌వే ఎగువన, కొలంబియాలో, 1913 నుంచి బాబాసాహెబ్ చదివాడు. అంత చదివి 1917లో బరోడా వస్తే, పార్శీ సత్రంలోకి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆయన రాసిన రాజ్యాంగం 1950లోనే, 15వ అధికరణంలో, హోటళ్లూ వినోదశాలలూ అందరివీ అంది. అమెరికా అంతటా హోటళ్లలో రంగుభేదం చట్టవిరుద్ధమైంది 1964లో.

చట్టాలు తలుపులు తీశాయి. సముద్రం దాటినా మీరు దించని ఆ కులం మూట మాటేంటి? గది అద్దె నేనూ కట్టాను, అయ్యా!