పెట్టెకు పూజ, ఫోనుకు పాడె

పెళ్లికి ముందు ఫొటోలు తీసే సెట్లలో ఇప్పుడు ఎర్ర టెలిఫోన్ పెట్టె ఒక తప్పనిసరి సామాను. ప్లైవుడ్డుతో చేసి ఎర్రరంగు పూస్తారు. లోపల రిసీవరుకు తీగ ఉందో లేదో ఎవరికీ పట్టదు. కాబోయే పెళ్లికొడుకు దాన్ని చెవికి ఆనించి నవ్వితే పని అయిపోతుంది. చదువుకున్న వాళ్లలో ఇదే ధోరణి కాస్త పెద్దమనిషి తరహాగా వినిపిస్తోంది. పసుపుపచ్చ అక్షరాల ఎస్టీడీ బూత్‌లు పోయాయి, కిరాణా కొట్టు ముందు ఉండే ఎర్ర రూపాయి ఫోన్లు పోయాయి, ఇంగ్లండు వాళ్లలాగా మనమూ కొన్నిటిని వారసత్వ సంపదగా దాచుకోవాలట. పబ్లిక్ ఫోను పని ముగిసింది, ఇక జ్ఞాపకమే మిగిలిందనే నమ్మకం ఈ మాటల కింద ఉంది. పని ముగిసిందని ఎవరు చెప్పారు? భద్రాచలం ఏజెన్సీలోని చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గుంపుల్లో, అంటే చిన్న గిరిజన పల్లెల్లో, ఉండేవాళ్లను అడిగి చెప్పారా?

ముందు ఆ ఇంగ్లండు సంగతే చూద్దాం. అక్కడి ఎర్ర పెట్టెను గీసినవాడు గైల్స్ గిల్బర్ట్ స్కాట్. లివర్‌పూల్ కెథడ్రల్‌ను కట్టిన వాస్తుశిల్పి ఆయనే. 1924లో జరిగిన పోటీలో ఆయన నమూనా నెగ్గింది. 1935లో ఐదో జార్జి రాజు రజతోత్సవానికి రూపొందించిన కె-6 అనే చిన్న పెట్టె ఊరూరా పాతుకుంది. తమాషా ఏమిటంటే, ఆ ఎరుపు మా పల్లె అందాన్ని చెడగొడుతోందని అప్పట్లో చాలామంది గోల పెట్టారు. కొన్నిచోట్ల బూడిద రంగు పూయాల్సి వచ్చింది. తిట్టిన జనం మనవలే 1980లలో ఆ పెట్టెలను తీసేస్తామంటే అడ్డం పడ్డారు. 1986 నుంచి వాటికి చట్టబద్ధమైన రక్షణ మొదలైంది. 2008 నుంచి టెలిఫోన్ కంపెనీ ఒక పౌండు తీసుకుని పెట్టెలను ఊళ్లకు అప్పగించసాగింది. అవి గ్రంథాలయాలయ్యాయి, గుండె ఆగినప్పుడు వాడే యంత్రాలకు గూళ్లయ్యాయి.

మనవాళ్లు ఇంతవరకే చదివి పుస్తకం మూసేశారు. అసలు విషయం తర్వాతి పేజీలో ఉంది. బ్రిటన్ టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2022లో పెట్టె అందంతో నిమిత్తం లేని మరో నిబంధన తెచ్చింది. నాలుగు మొబైల్ నెట్‌వర్కుల్లో ఒక్కటైనా అందని చోట, ప్రమాదాలో ఆత్మహత్యలో ఎక్కువగా జరిగే చోట, ఏడాదిలో కనీసం 52 కాల్స్ వెళ్లిన చోట ఫోను తీయడానికి వీల్లేదు. అంటే వారానికి ఒక్క కాల్ వెళ్లినా చాలునని ఆ దేశం లెక్కవేసింది. అలా నిలిచేవి సుమారు 5,000 పెట్టెలు. 2020 మే నెలతో ముగిసిన ఏడాదిలో అక్కడి వీధి ఫోన్ల నుంచి అత్యవసర సేవలకు వెళ్లిన కాల్స్ లక్షన్నరకు దగ్గర. ఇంటింటా సెల్లు ఉన్న దేశం సంగతి ఇది. వాళ్లు పెట్టెను ఒక చట్టంతో కాపాడారు, కాల్‌ను ఇంకో నిబంధనతో కాపాడారు. మనం మొదటిదాన్ని చూసి మురిసిపోతున్నాం.

ఆ మొదటిదైనా మనకు అతికేలా లేదు. మన దేశంలో 1958 నాటి పురావస్తు చట్టం ప్రకారం ఒక కట్టడానికి కనీసం నూరేళ్లు నిండాలి. 1990లలో వెలిసిన ఎస్టీడీ బూత్ ఆ లెక్కన 2090లలో అర్హత సాధిస్తుంది. అప్పటిదాకా సరిహద్దు గుంపులో పాము కరిచినవాడు ఆగుతాడా?

సెల్లు ఉందిగా అంటారు. ఉంది, ఎవరి చేతిలో? ఇంట్లో ఒకటే ఉంటే అది మగవాడి జేబులో ఉంటుంది, ఆయన కూలికి పోతే ఫోనూ పోతుంది. ఒకప్పుడు రూపాయి బిళ్ల వేస్తే ఎవరైనా మాట్లాడేవాళ్లు. 2018 చివరి నుంచి ప్రైవేటు కంపెనీలు నెలనెలా కనీస రీచార్జి లేనిదే వచ్చే కాల్స్‌నూ ఆపేస్తున్నాయి. ఇప్పుడది రెండువందల రూపాయల దాకా పాకింది. తునికాకు కోసిన నాలుగు రోజులు చేతిలో డబ్బు ఆడుతుంది గానీ, వానాకాలంలో ఎవరు రీచార్జి చేయిస్తారు? 2005లో మావోయిస్టు వ్యతిరేక ఉద్యమం సల్వాజుడుం మొదలయ్యాక దండకారణ్యం నుంచి వలస వచ్చిన గుత్తికోయ గిరిజనులు రిజర్వు అడవిలో వేసుకున్న గుడిసెలకు చాలాచోట్ల కరెంటే లేదు. సంతకు వచ్చినప్పుడు ఎవరి కొట్లోనో ఫోను చార్జింగు పెట్టుకుంటారు. గుట్ట ఎక్కితే ఒక గీత సిగ్నల్ పడుతుంది, దిగితే పోతుంది. నొప్పులు పడుతున్న మనిషిని మంచానికి కర్ర కట్టి మోసుకొస్తున్న వార్తలు మన జిల్లా పేజీల్లో ఏటా చదువుతూనే ఉన్నాం. 108కు కబురు ఎక్కడి నుంచి వెళ్లిందన్నది మాత్రం ఆ వార్తల్లో ఎవరూ రాయరు.

ఇక గోదావరి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలై 16న నీరు 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీటిని ఈ ఊరు చూడలేదు. అలాంటి రోజున రోడ్డు మునుగుతుంది, కరెంటు పోతుంది, టవరు బ్యాటరీ, డీజిల్ ఉన్నంతసేపే పలుకుతుంది. జపాన్‌లో విపత్తు వేళ అందరూ ఒకేసారి ఫోన్లు చేసి లైన్లు కిక్కిరిస్తే మామూలు కాల్స్‌కు పరిమితి పెడతారు, పబ్లిక్ ఫోన్ల కాల్స్‌ను మాత్రం పోనిస్తారు. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా కంపెనీ 2021 ఆగస్టు నుంచి సుమారు 15,000 వీధి ఫోన్ల నుంచి దేశమంతటికీ ఉచితంగా మాట్లాడుకోనిస్తోంది. ఇవి పేద దేశాలు కావు, వెనకబడ్డ దేశాలూ కావు. న్యూయార్కు ఇందుకు భిన్నంగా 2022 మే నెలలో తన చివరి నగరపాలక పే ఫోన్‌ను పెకలించి మ్యూజియానికి పంపింది. మనం ఎవరిని చూసి నేర్చుకోవాలో చెప్పడానికి పాండిత్యం అక్కర్లేదు.

డబ్బు ఎక్కడిదంటారా? దేశంలో ఫోను కంపెనీల సవరించిన ఆదాయంలో 5 శాతం 2002 నుంచి సార్వత్రిక సేవా నిధికి పోతోంది. మారుమూల ఊళ్లలో ఫోను కోసమే పుట్టిన నిధి అది. 2023 టెలికాం చట్టం దాని పేరును డిజిటల్ భారత్ నిధిగా మార్చింది. సిగ్నల్ లేని ఊళ్లకు 4జీ ఇస్తామని 2022 జూలైలో కేంద్రం 26,316 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. మంచిదే, టవర్లు రావాలి. కానీ టవరు వచ్చినంత మాత్రాన ఫోను కొనలేని మనిషి గొంతు తీగ ఎక్కదు. పంచాయతీలకు ఇంటర్నెట్ ఇచ్చే భారత్‌నెట్ తీగ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చినా, దాని కింది గుంపు నుంచి అక్కడికి ఆరేడు కిలోమీటర్ల కాలిబాట.

ఒకప్పుడు పల్లెల్లో పెట్టిన పబ్లిక్ ఫోన్ల మీద నాకు భ్రమలు లేవు. లెక్కల్లో మోగి ఊళ్లో మూగబోయినవి ఎన్నో. కొన్ని పెద్దల ఇళ్లలో అలంకారంగా మిగిలాయి. తప్పు ఫోనుది కాదు, పెట్టిన చోటుది. సర్పంచి ఇంటికి కోయ ఆడమనిషి అర్ధరాత్రి వెళ్లి తలుపు తట్టదు. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) సరుకుల డిపో గోడ, అంగన్‌వాడీ వరండా, ఆశ్రమ పాఠశాల ఆవరణ వేరు, అవి అందరివీ. ఆశ్రమ పాఠశాల పిల్లలకు సెల్లు నిషేధం కాబట్టి అమ్మతో మాట్లాడటానికి వాళ్లకు మరో దారి లేదు. జైలు ఖైదీకి ఫోను ఏర్పాటు చేయగలిగాం, గుంపు నుంచి వచ్చి హాస్టల్లో చేరిన ఆరో తరగతి పిల్లకు చేయలేమా?

2013 జూలై 14న టెలిగ్రాం ఆఖరి రోజు అంటే తంతి ఆఫీసుల ముందు జనం బారులు తీరారు. ఏళ్లుగా ఒక్క తంతి ఇవ్వనివాళ్లు గుర్తుగా దాచుకోవడానికి తమకు తామే ఇచ్చుకున్నారు. రూపాయి ఫోనుకు ఇప్పుడు మనం చేస్తున్నదీ ఆ సంతాప సభే. ప్లైవుడ్డు పెట్టెల వాళ్లు ఫొటోలు తీసుకోనీ, వాళ్లతో నాకు తగువు లేదు. వారసత్వమని వ్యాసాలు రాసేవాళ్లతోనే ఉంది. వాళ్లు కోరుతున్న ఖాళీ పెట్టెకు అయ్యే ఖర్చుతో ఒక చిన్న సోలార్ పలక, బ్యాటరీ వస్తాయి.

భద్రాచలం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. సిగ్నల్ అందని గుంపుల జాబితా తీయాలి. ఒక్కోదాంట్లో అందరూ వచ్చే చోట తీగతోనో ఉపగ్రహంతోనో పనిచేసే ఒక్క ఫోను పెట్టాలని, 108కు, ఆసుపత్రికి, హాస్టలుకు దాని నుంచి వెళ్లే కాల్ ఉచితమని డిజిటల్ భారత్ నిధికి రాయాలి. ఏ రంగు వేస్తారో వాళ్లిష్టం. గోదావరి మళ్లీ 43 అడుగులు దాటేలోగా అది మోగాలి.