ఎంబీఏ చదివినవాడికి స్టైపెండ్ ఎందుకన్న పెద్దమనిషికి

మొన్న ఒక పీహెచ్‌డీ వైవా అయ్యాక అందరం టీ తాగుతున్నాం. అతిథిగా వచ్చిన ఒక పెద్దమనిషి అన్నారు: "మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లకి స్టైపెండ్ ఏంటండీ? ఎంబీఏ ఉందిగా, ఉద్యోగం చేసుకుంటూ చదువుకోమనండి." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. అప్పుడే డాక్టరైన కుర్రాడు మైసూర్‌పాక్ ప్లేటు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు.

ఒక్కరన్న మాటైతే వదిలేద్దును. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో చాలా మేనేజ్‌మెంట్ విభాగాలు ఈ మాటనే నమ్ముకుని నడుస్తున్నాయి. బిజినెస్ స్కూల్ అనగానే డబ్బున్నవాళ్ల చదువని తీర్మానించేస్తారు. ఎంబీఏ అయ్యాక పరిశోధనకి వచ్చినవాడు చేతిలో ఉన్న జీతం వదులుకుని వచ్చాడన్న ఇంగితం ఎవరికీ ఉండదు. ఐఐఎంలకి ఈ సంగతి తెలుసు. అహ్మదాబాద్ ఐఐఎం 1971లోనే ఫెలో ప్రోగ్రాం మొదలుపెట్టింది. ఇవాళ ఐఐఎంలలో పూర్తికాలం డాక్టరేట్ చేసేవాళ్లకి మామూలుగా ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్. అక్కడ చేరినవాడికి ఒక న్యాయం, మన దగ్గర చేరినవాడికి ఇంకో న్యాయమా?

యూజీసీ నెట్‌ రాస్తే వచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ ఉందిగా అంటారు. 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్లయ్యాక 42,000. మంచిదే. ఆ కటాఫ్‌కి ఒక్క మార్కు దగ్గర ఆగిపోయినవాడి గతేమిటి? సెంట్రల్ యూనివర్సిటీలో అయితే నాన్‌నెట్ ఫెలోషిప్ 8,000 ఉంది. 2015 అక్టోబరులో దాన్నీ ఎత్తేయబోతే పిల్లలు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు బైఠాయించి ఆపుకున్నారు. రాష్ట్ర యూనివర్సిటీ వాడికి ఆ 8,000 కూడా లేవు. ఫెలోషిప్ వచ్చినవాళ్లకైనా వేళకు పడుతుందా? నెలనెలా విభాగం నుంచి ధ్రువీకరణ వెళ్లాలి, అది ఆగితే డబ్బూ ఆగుతుంది. 2016 జనవరిలో హైదరాబాద్ యూనివర్సిటీ స్కాలర్ రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ లెక్క రాయాల్సి వచ్చింది. అతనిది మేనేజ్‌మెంట్ కాదు. అయినా స్కాలర్ల డబ్బు మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ ఉత్తరమే గుర్తొస్తుంది.

నా కడుపుమంట అసలు ఇంకోచోట ఉంది. నేను స్కాలర్‌గా ఉన్నప్పుడు సెల్ఫ్‌ఫైనాన్స్ ఎంబీఏ సెక్షన్‌కి రెండేళ్లు స్టాటిస్టిక్స్ చెప్పాను. పాఠం నాది, రిజిస్టర్లో పేరు వేరొకరిది. ఇంటర్నల్ పేపర్లు దిద్దాను, ఇన్విజిలేషన్ చేశాను, అడ్మిషన్లప్పుడు అప్లికేషన్ల కట్టలు ముందేసుకుని రాత్రి తొమ్మిదింటిదాకా కంప్యూటర్లో ఎక్కించాను. ఆ సెక్షన్ పిల్లల దగ్గర ఫీజు వసూలయ్యేది. నాకు వచ్చింది "ఎక్స్‌పీరియన్స్ వస్తుందయ్యా" అన్న మాట. అడుగుదామంటే సినాప్సిస్ మీద సంతకం ఆగిపోతుందని భయం. దీన్ని చదువంటారా, వెట్టిచాకిరీ అంటారా?

పైగా మన థీసిస్‌లని ఎగతాళి చేస్తారు. ఫలానా జిల్లాలో ఉద్యోగుల సంతృప్తి, రెండొందల మందికి ప్రశ్నాపత్రం, ఐదు పాయింట్ల స్కేలు, ఇంతేనా మీ పరిశోధన అంటారు. ఎందుకలా తయారవుతుందో నన్నడగండి. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంట్లు రైతులకి అప్పులెలా ఇస్తారన్నది నా టాపిక్. తెల్లారకముందే మిర్చి బస్తాల మధ్య నిలబడాలి, ఘాటుకి కళ్లు మండుతుంటే బేరం వినాలి. రైతు అసలు మాట చెప్పేది మధ్యాహ్నం సరుకు అమ్ముడయ్యాక, చెట్టు కింద కూర్చున్నప్పుడు. మూడు వారాలు ఉండాలని వెళ్లి ఐదు రోజుల్లో తిరిగొచ్చాను. లాడ్జికి అంతకుమించి డబ్బుల్లేవు. మిగిలింది ప్రశ్నాపత్రంతో పూరించాను. నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం ఇప్పటికీ తెరిచి చూడలేను. కంపెనీల లెక్కల మీద పనిచేసేవాళ్ల కష్టం ఇంకో రకం. ప్రోవెస్ లాంటి డేటాబేస్ విభాగం కొంటే సరే, లేకపోతే స్నేహితుడి కాలేజీ చుట్టూ తిరగాలి.

ఉద్యోగం చేసుకుంటూ చదవొచ్చన్నారు. 2022 యూజీసీ నిబంధనలు పార్ట్‌టైం పీహెచ్‌డీకి వీలిచ్చాయి, నిజమే. వారానికి ఒక్క ఆదివారం దొరికేవాడు యార్డుకి ఎప్పుడు వెళతాడు?

సెల్ఫ్‌ఫైనాన్స్ ఫీజుల్లో కొంత స్కాలర్ల కోసం పక్కన పెట్టాలి. క్లాసు చెప్పినవాడికి ఆ క్లాసు డబ్బులివ్వాలి. ఎంత, ఏ పద్దు కింద అన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇవ్వాలన్న బుద్ధి పుట్టాలి.

అయ్యా, ఆ రోజు ఆ కుర్రాడి ముందు మాట పెంచడం ఇష్టం లేక ఊరుకున్నాను, ఇప్పుడు చెబుతున్నాను. అతనికి ఐదేళ్లలో ఒక్క నెల కూడా స్టైపెండ్ రాలేదు. మీరు తిన్న మైసూర్‌పాక్, తాగిన టీ, మధ్యాహ్నం భోజనం అన్నీ అతనే పెట్టుకున్నాడు. ఆ డబ్బు వాళ్ల అక్క దగ్గర చేబదులు తెచ్చాడు.