మత్తు డాక్టరుకు చెప్పవలసిన మాట

దసరాల్లో మా విశాఖపట్నం కురుపాం మార్కెట్టుకు వెళ్తే, కన్యకాపరమేశ్వరి అమ్మవారిని కరెన్సీ నోట్లతో అలంకరించి ఉంటారు. ఆర్యవైశ్యుల ఇలవేల్పు ఆవిడ. 102 గోత్రాలవారు ఆవిడ వెంట అగ్నిప్రవేశం చేశారని వారి ఐతిహ్యం. కథ మాటెలా ఉన్నా, ఏనాడో కొద్దిమంది మూలపురుషులనుంచి పెరిగి, తమలో తామే వియ్యమందుతూ వచ్చిన సంఘమది. ఆ వియ్యాలకూ ఆపరేషను బల్లకూ లంకె ఉందంటే నమ్ముతారా?

ఆపరేషనులో ఊపిరిగొట్టం వేయడానికి కండరాలు సడలాలి. అందుకు సక్సినైల్ కోలిన్ అనే మందు వాడటం కద్దు. నిమిషంలో పనిచేస్తుంది, పది నిమిషాల లోపే దిగిపోతుంది. దాన్ని విరిచేది మన కాలేయం తయారుచేసే ఒక ఎంజైము. పేరు బ్యుటిరిల్ కోలినెస్టరేజ్. (నోరు తిరగకపోతే ‘కోలినెస్టరేజ్ పరీక్ష’ అనండి, చాలు.) పుట్టుకతో అది కొరవడినవారికి మందు గంటల తరబడి దిగదు. ఊపిరి తనంతట ఆడదు. ఈలోగా మత్తు ఆపేస్తే, తెలివి వచ్చీ వేలు కదపలేని దుస్థితి! ఎరిగిన డాక్టరు మత్తు కొనసాగిస్తూ, మందు విరిగేదాకా యంత్రంతో ఊపిరి పోస్తాడు.

ఈ లోపం ఎక్కడైనా అరుదే. ఆర్యవైశ్యుల్లో మాత్రం సుమారు వంద రెట్లు ఎక్కువని 2017లో ‘నేచర్ జెనెటిక్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. మన హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులకూ అందులో పాలుంది. తెలుగు మేష్టర్ని కనుక నాకిది అక్షరదోషంలా తోస్తుంది: 307వ స్థానంలో ల్యూసిన్ ఉండవలసిన చోట ప్రోలిన్ పడింది, అంతే! తలిదండ్రులిద్దరినుంచీ వస్తేనే చిక్కు. మేనరికంలో గోత్రాలు వేరైనా రక్తం ఒకటే గదా!

మా వీధి శెట్టిగారిని మత్తు డాక్టరు ‘మీరు వైశ్యులా?’ అని అడిగాడట. ‘ప్రాణానికీ కులమేనా మేష్టారూ?’ అని నాతో మొరపెట్టుకున్నారు. కులప్రస్తావన నాకూ కిట్టదు గాని, ఈ వ్యాజ్యంలో నేను డాక్టరు పక్షమే. తరిచి అడిగితే అసలు సంగతి బయటపడింది. వారి అన్నగారికి వరిబీజం ఆపరేషనయ్యాక రాత్రంతా యంత్రమే దిక్కయిందట. ఆడపిల్లల సంబంధాలు చెడతాయని ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు! మామూలు బతుకులో ఏ బాధా పెట్టని లోపానికి ఇంత దాపరికమా?

తలిదండ్రులిద్దరిలో ఆ దోషం చెరొక పాలు ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం. కనుక ఒకరికి తేలితే తోబుట్టువులందరూ రక్తపరీక్ష చేయించుకోవాలి. రోకురోనియం వంటి వేరే మందులున్నాయి. భయంలేదు. ఫలితాన్ని చీటీమీద రాసి పర్సులో పెట్టుకోండి. ముఖ్యంగా పురిటికి వెళ్లే అమ్మాయి సంచిలో. అర్ధరాత్రి సిజేరియను చేసే డాక్టరుకు తాతలనాటి కబుర్లు అడిగే తీరిక ఉండదు.