క్యాప్సూల్ తొడుగు: సందేహమూ, చికిత్సా

గత మాసం మదనపల్లెలో జుమా నమాజు ముగిసిన పిదప మా విద్యార్థి తండ్రి ఒకరు మమ్మల్ని పక్కకు పిలిచారు. "హజ్రత్, మా అమ్మీకి కడుపు మంట తగ్గడం లేదు. మందు రోజూ ఇస్తూనే ఉన్నాము" అన్నారు. విచారించగా, తొడుగులో హరామ్ పదార్థం ఉంటుందేమోనన్న భయంతో ఆ తల్లి క్యాప్సూల్ విప్పి, లోపలి గుళికలను నూరి, తేనెతో సేవిస్తున్నారని తెలిసింది.

ఆమె దైవభీతి మెచ్చదగినదే. పొరపాటు జరిగింది నూరడంలో. ఆ మందు ఒమెప్రజోల్. కడుపులోని ఆమ్లం తగిలితే అది చెడిపోతుంది. కనుక ప్రతి గుళికకూ పాలిమర్ పూత పూస్తారు. చిన్న అణువులు పూసలదండ వలె కూడి ఏర్పడే పొడవైన అణువే పాలిమర్. ఆ పూత కడుపులో కరగక, చిన్న ప్రేగులో కరిగి మందును విడుదల చేస్తుంది. నూరితే ఆ కవచం పగిలిపోతుంది.

ఇక తొడుగు సంగతి. సాధారణంగా దానిని జెలాటిన్‌తో చేస్తారు. జెలాటిన్‌ను పశువుల లేక పందుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. పదార్థం పూర్తిగా రూపాంతరం చెందితే దాని ఆదేశం కూడా మారుతుందని 1995లో కువైట్‌లో జరిగిన వైద్య ఫిఖ్‌హ్ సదస్సు అభిప్రాయపడింది. పంది జెలాటిన్ విషయంలో దీనిని అంగీకరించని పండితులూ ఉన్నారు. అయితే గత్యంతరం లేని స్థితిలో, హద్దు మీరనివారికి పాపం లేదని దివ్య ఖుర్ఆన్ (2:173) తెలుపుతోంది. మేము ముఫ్తీలము కాము. మీ ఇంటి సమస్యకు తీర్పును ముఫ్తీ గారినే అడగండి.

అడిగేలోగా మందు మాత్రం ఆపవద్దు. మా ఊరి చెంతనున్న ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి, సరైన మందులు లేని కాలంలో, విశ్రాంతిని, మంచి గాలిని నమ్ముకొని దూరప్రాంతాల నుంచి రోగులు వచ్చేవారు. నేడు క్షయను నయం చేసే మందులున్నాయి. వాటిలో ముఖ్యమైన రిఫాంపిసిన్ తరచుగా క్యాప్సూల్ రూపంలోనే దొరుకుతుంది. మధ్యలో మానితే క్రిములు ఆ మందుకు లొంగకుండా పోవచ్చు.

దారులు మూసుకుపోలేదు. మొక్కల సెల్యులోజ్ నుంచి చేసే హైప్రోమెల్లోజ్ తొడుగులు ఉన్నాయి. అదే మందు మాత్ర రూపంలో దొరుకుతుందేమో, తొడుగు విప్పి గుళికలను నూరకుండా మింగవచ్చునేమో వైద్యుణ్ణి అడగవచ్చు.

ఈ ప్రశ్న క్యాప్సూల్‌తో ఆగదు. 2022లో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ, సీసీఎంబీ పరిశోధకులు మానవ నేత్ర కణజాలం నుంచి తీసిన పదార్థంతో త్రీడీ ముద్రణ ద్వారా కార్నియాను రూపొందించి, కుందేలు కంటిలో అమర్చి చూశారు. రేపు ఇటువంటి చికిత్సలు మన ఇళ్లకూ వస్తాయి. "ఇది దేనితో చేశారు?" అని అడగడం మన హక్కు, ఆ ప్రశ్నను వైద్యుని ముందు, పండితుని ముందు ఉంచకుండా వంటగదిలో మనమే తేల్చుకోవడం మాత్రం ప్రమాదం.

ఆ తల్లి ఇప్పుడు వైద్యుని సలహాపై గుళికలను నూరకుండా మింగుతున్నారు. అల్లాహ్ ఆమెకు స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.