సిగ్గు కన్నా బిడ్డ ముఖ్యం



ఈ సంగతి ఒక ఆడమనిషి రాయడం కొందరికి ఎబ్బెట్టుగా అనిపించవచ్చు. అయినా రాస్తున్నాను. సిగ్గుపడి ఆలస్యంగా వచ్చిన మగపిల్లలను వార్డులో చూసినదాన్ని గనుక, ఊరుకోవడం తప్పనిపిస్తుంది.

మగపిల్లలకు వృషణాల్లో, అంటే బీజాల్లో, ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి వస్తే అన్నిటికంటే ముందు అనుమానించవలసింది వృషణం మెలిపడటం. వృషణం సంచిలో ఒక తాడులాంటి దాని మీద వేలాడుతుంది. దానికి రక్తం తెచ్చే నాళాలు ఆ తాడులోనే ఉంటాయి. తాడు మెలిపడితే రక్తం ఆగిపోతుంది. 6 గంటల లోపల ఆపరేషన్ జరిగితే చాలావరకు వృషణం దక్కుతుంది. ఒక రోజు గడిచిపోతే సాధారణంగా తీసివేయక తప్పదు. 12 నుంచి 18 ఏళ్ళ పిల్లల్లో ఇది ఎక్కువ. దెబ్బ తగలకుండానే, నిద్రలో కూడా రావచ్చు.

కాణిపాకం నుంచి చిత్తూరు పెద్దాసుపత్రికి సుమారు 12 కిలోమీటర్లు. పిలిస్తే 108 వస్తుంది. కాబట్టి మనకు అడ్డు దూరం కాదు, ఇంట్లో గడిచిపోయే గంటలు. పిల్లవాడు సిగ్గుతో "కడుపు నొప్పిమ్మా" అంటాడు. తల్లి వాము నీళ్ళు ఇస్తుంది. తెల్లవారాక తండ్రి మెడికల్ షాపులో నొప్పి మాత్ర తెస్తాడు. "కింద కూడా నొప్పిగా ఉందా నాయనా?" అని అడిగేవారు ఉండరు. నిజానికి ఈ జబ్బులో పొత్తికడుపు నొప్పి, వాంతులు కూడా వస్తాయి. అందుకే అడగాలి.

ఇన్ఫెక్షన్ వల్ల కూడా వృషణాలు వాచి నొప్పి పెడతాయి. అప్పుడు నొప్పి సాధారణంగా మెల్లగా పెరుగుతుంది, జ్వరం, మూత్రంలో మంట ఉండవచ్చు. దానికి మందులు చాలు. కానీ ఏది ఏదో తేల్చవలసింది డాక్టరు, మనం కాదు.

అలాంటి నొప్పి వస్తే:

1. రాత్రయినా సరే, సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకుపోండి.
2. కాపడం పెట్టకండి, నూనె రాసి మర్దన చేయకండి.
3. మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక దారిలో ఏమీ తినిపించకండి, తాగించకండి.
4. నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో డాక్టరుకు చెప్పండి.
5. నొప్పి దానంతట అదే తగ్గినా చూపించండి. మళ్ళీ మెలిపడవచ్చు.

ఆపరేషన్‌లో మెలి విప్పి, మళ్ళీ తిరగకుండా కుట్టు వేస్తారు. రెండో వైపు కూడా వేస్తారు. ఒకటి తీసివేసినా, రెండోది ఆరోగ్యంగా ఉంటే సాధారణంగా పెళ్ళికి, పిల్లలకు అడ్డు ఉండదు. ఆ భయంతో దాచవద్దు.

ఆసుపత్రుల వాళ్ళం మేము కూడా మారాలి. ఓపీలో పదిమంది ఎదుట "ఏమి నొప్పి?" అని గట్టిగా అడిగితే ఏ కుర్రవాడు చెబుతాడు? పక్కకు పిలిచి అడగాలి. అనుమానం బలంగా ఉంటే స్కానింగ్ కోసం ఆపరేషన్ ఆలస్యం కాకూడదు.

తండ్రులారా, ఈ రాత్రే మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క మాట చెప్పండి: "అక్కడ నొప్పి వస్తే అర్ధరాత్రయినా నన్ను లేపు, నేను కోప్పడను." ఐదు నిమిషాల పని అది.

– నర్సింగ్ సూపరింటెండెంట్